రెండు ఒకేలాంటి యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్లు: పీకి పెట్టగానే పేర్లు తారుమారు. పేరు నిలబడేదెలా?

దీపస్తంభం | సోమవారం రాత్రి 11:20

నా బెంచ్ మీద ఒక మినీ పీసీ రాత్రింబవళ్లు నడుస్తుంటుంది, లినక్స్. దానికి రెండు యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్లు (యూఎస్‌బీ సాకెట్‌ని బోర్డులు మాట్లాడే సీరియల్ లైన్‌గా మార్చే ముక్కలు) తగిలించా. ఒకదాని అవతల టెంపరేచర్ చదివే బోర్డు, రెండోదాని అవతల హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే రిలే బోర్డు. స్క్రిప్టులో మొదటిది /డెవ్/టీటీవైయూఎస్‌బీ0, రెండోది /డెవ్/టీటీవైయూఎస్‌బీ1 అని రాసి వదిలేశా (/డెవ్ అంటే లినక్స్ పరికరాలని ఫైళ్లలా చూపించే ఫోల్డర్). ఎనిమిది నెలలు ఏ గొడవా లేదు.

నిన్న వైర్లు చిందరవందరగా ఉన్నాయని రెండు కేబుళ్లూ పీకి, సర్ది, మళ్లీ పెట్టా. ఏది ముందు పెట్టానో గుర్తు లేదు. స్క్రిప్టు లైన్ తెగిందని గమనించి దానంతటదే మళ్లీ కనెక్ట్ అయింది, నేనూ సంబరపడ్డా. గంట తర్వాత గదిలోకి వెళ్తే ప్లాస్టిక్ కాలుతున్న వాసన. రిలే బోర్డుకి పవర్ వేరే అడాప్టర్ నుంచి వస్తుంది కాబట్టి, కేబుల్ పీకినప్పుడు హీటర్ ఆన్‌లో ఉన్నది ఆన్‌లోనే ఉండిపోయింది. "ఆఫ్" అనే కమాండ్ మాత్రం పాపం టెంపరేచర్ బోర్డుకి వెళ్తోంది. అదేమో అర్థం కాక ఊరుకుంది. థర్మల్ కటాఫ్ (వేడి మించితే కరెంటు ఆపేసేది) ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ పోస్టు రాయడానికి టేబుల్ కూడా మిగిలేది కాదు.

రీడింగ్ రాకపోతే పాత రీడింగ్ వాడమని స్క్రిప్టులో రాసింది నేనే. ఆ తిట్లు తిట్టుకోవడం అయిపోయింది. నా ప్రశ్న ఒక్కటే: ఏ క్రమంలో పెట్టినా, ఎన్నిసార్లు పీకినా, ఒక పరికరానికి ఒకే పేరు ఉండేలా చేయడం ఎలా?

పాత_మోడెమ్ | సోమవారం రాత్రి 11:52

ముందు ఒక అపోహ తీసేద్దాం. టీటీవైయూఎస్‌బీ0 అనేది ఆ పరికరం పేరు కాదు, టోకెన్ నంబరు. క్యూలో ముందు నిలబడ్డవాడికి 0, తర్వాతివాడికి 1. లోపల ఉన్నది హీటరా, థర్మామీటరా అని కెర్నల్ (లినక్స్ గుండెకాయ) చూడదు. పెన్‌డ్రైవ్‌కి ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని వచ్చేవీ ఇవే టోకెన్లు. మీకు ఎనిమిది నెలలు నడిచిందంటే మీరు ఎనిమిది నెలలు ఏదీ పీకలేదని అర్థం, అంతే.

ఇది కొత్త తలనొప్పేం కాదు. 2.4 కెర్నల్ కాలంలో రిచర్డ్ గూచ్ రాసిన డెవ్‌ఎఫ్‌ఎస్ ఉండేది. /డెవ్ ఫోల్డర్‌ని కెర్నలే నింపేది, పేర్లు కూడా కెర్నలే నిర్ణయించేది. పేరు ఏమిటన్నది కెర్నల్ తేల్చాల్సిన విషయం కాదు, యూజర్ తేల్చుకోవాల్సింది అని వాదించి 2003లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ యూడెవ్ మొదలుపెట్టాడు, కే సీవర్స్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. 2006కల్లా డెవ్‌ఎఫ్‌ఎస్‌ని కెర్నల్ నుంచి తీసేశారు. 2012లో యూడెవ్ సిస్టమ్‌డీలో కలిసిపోయింది (సిస్టమ్‌డీ అంటే లినక్స్‌లో సర్వీసుల్ని లేపి నడిపేది). ఇప్పుడు అసలు పరికరం ఫైల్ అయిన నోడ్‌ని కెర్నల్ టోకెన్ పేరుతోనే పుట్టిస్తుంది, దానికి మనకు నచ్చిన పేరుతో సింలింక్ (అసలు ఫైల్ వైపు చూపించే మారుపేరు) పెట్టే పని యూడెవ్‌ది. మీకు కావలసింది ఆ సింలింకే.

ఎలా పెట్టాలో చెప్పే ముందు ఒక మాట తేలాలి. ఎల్ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే కమాండ్) కొట్టి ఆ రెండు కన్వర్టర్ల లైన్లు ఇక్కడ పెట్టండి. చిప్ ఏదో తెలియకుండా సలహా ఇస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కొత్తపలక | మంగళవారం ఉదయం 7:15

ఇంత చర్చ ఎందుకన్నా? /డెవ్/సీరియల్/బై-ఐడీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది కదా, అందులో పెద్ద పెద్ద పేర్లు ఉంటాయి. వాటిలో ఒకటి కాపీ చేసి స్క్రిప్టులో పెట్టుకుంటే అయిపోయింది. నా త్రీడీ ప్రింటర్‌కి అదే వాడుతున్నా, ఎన్నిసార్లు పీకినా ఢోకా లేదు.

దీపస్తంభం | మంగళవారం ఉదయం 8:03

అదే చేద్దామని ఫోల్డర్ తెరిచి చూశా. రెండు కన్వర్టర్లు తగిలించి ఉన్నాయి, ఫోల్డర్‌లో మాత్రం ఒక్కటే పేరు ఉంది: "యూఎస్‌బీ-1ఏ86_యూఎస్‌బీ_సీరియల్-ఐఎఫ్00-పోర్ట్0". అది టీటీవైయూఎస్‌బీ1 వైపు చూపిస్తోంది. దాన్ని పీకితే అదే పేరు టీటీవైయూఎస్‌బీ0 వైపు తిరిగింది! రెండోది ఏమైపోయినట్టు?

పాత_మోడెమ్ గారూ, ఎల్ఎస్‌యూఎస్‌బీలో రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి: ఐడీ 1ఏ86:7523.

చీమకుట్టు | మంగళవారం ఉదయం 8:31

అనుకున్నా. 1ఏ86:7523 అంటే సీహెచ్340 చిప్. చవక, బాగా పనిచేస్తుంది, కానీ సీరియల్ నంబర్ ఉండదు.

కొంచెం లోపలికి వెళ్దాం. యూఎస్‌బీ పరికరాన్ని తగిలించగానే కంప్యూటర్ దాన్ని "నువ్వెవరు?" అని అడుగుతుంది. అది ఒక చిన్న డిస్క్రిప్టర్ ఇస్తుంది. అందులో తయారీదారు నంబర్ 16 బిట్లు, మోడల్ నంబర్ 16 బిట్లు, ఇంకా కొన్ని వివరాలతో పాటు సీరియల్ నంబర్ ఎక్కడుందో చెప్పే ఒక బైట్ ఉంటాయి. ఆ బైట్ 0 అయితే "నాకు సీరియల్ నంబర్ లేదు" అని అర్థం. స్టాండర్డ్ ప్రకారం అది తప్పు కూడా కాదు, సీరియల్ నంబర్ పెట్టాలా వద్దా అన్నది చాలా రకాల పరికరాలకు తయారీదారు ఇష్టం. పెన్‌డ్రైవ్ లాంటి బల్క్-ఓన్లీ స్టోరేజ్ పరికరాలకు మాత్రం తప్పనిసరి అని స్పెసిఫికేషన్‌లో రాసి ఉంది, కనీసం 12 అక్షరాలు ఉండాలని కూడా.

బై-ఐడీ పేరు తయారయ్యేది తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్ కలిపి. మీ రెండింటికీ మూడోది లేదు, మొదటి రెండూ ఒకటే. కాబట్టి రెండింటికీ ఒకే పేరు తయారైంది, ఒకే పేరుతో రెండు సింలింకులు ఉండవు. ఒకటి గెలిచింది. కవలలిద్దరికీ ఒకే పేరు పెట్టి, పిలిస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు పలుకుతున్నట్టు.

కొత్తపలక గారి ప్రింటర్‌కి ఎందుకు పనిచేస్తోందంటే, సీరియల్ నంబర్ ఉండి ఉండాలి, లేదా అలాంటిది ఒక్కటే ఉండాలి. రెండోదైతే ఇంకో ప్రింటర్ కొన్న రోజున తెలుస్తుంది.

సీపీ2102 (10సీ4:ఈఏ60) ఇంకో రకం. దానికి సీరియల్ నంబర్ ఉంటుంది, కానీ చాలా బోర్డుల్లో అది "0001" అనే ఉంటుంది! ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టు అతికించేస్తారు. దాన్ని తయారీదారు ఇచ్చే టూల్‌తో మార్చుకోవచ్చు. ఎఫ్‌టీడీఐ ఎఫ్‌టీ232 (0403:6001) అయితే మామూలుగా దేనికదే వేరే నంబర్‌తో వస్తుంది, అదీ ఎఫ్‌టీ ప్రాగ్ అనే టూల్‌తో మార్చుకోవచ్చు. సీహెచ్340లో చాలా రకాలకి మార్చుకోవడానికి లోపల చోటే లేదు.

పాత_మోడెమ్ | మంగళవారం ఉదయం 9:10

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు పేరు పెడుతున్నది వస్తువుకా, చోటుకా?

వస్తువుకి పెట్టాలంటే దానికంటూ ఒక గుర్తు ఉండాలి. మీ వాటికి లేదు. ఇక మిగిలింది చోటు. "ఫలానా సాకెట్లో ఏది ఉంటే అది హీటర్" అని. దానికి /డెవ్/సీరియల్/బై-పాత్ ఉంది, చూడండి. మీకు ఇలాంటిది కనిపించాలి: "పీసీఐ-0000:00:14.0-యూఎస్‌బీ-0:1.2:1.0-పోర్ట్0".

దీన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. 0000:00:14.0 అనేది మదర్‌బోర్డు మీద యూఎస్‌బీ కంట్రోలర్ ఉన్న పీసీఐ అడ్రస్. 1.2 అంటే కంట్రోలర్ 1వ పోర్టులో ఒక హబ్ (ఒక పోర్టుని కొన్ని పోర్టులుగా చీల్చేది), ఆ హబ్ 2వ పోర్టులో మీ పరికరం. చివరి 1.0 అంటే 1వ కాన్ఫిగరేషన్, 0వ ఇంటర్‌ఫేస్ (పరికరం లోపలి ఒక భాగం). డీమెసేజ్‌లో "1-1.2" అని కనిపించేదీ (డీమెసేజ్ అంటే కెర్నల్ సందేశాలు చూపించే కమాండ్) దాదాపు ఇదే, కాకపోతే అందులో మొదటి 1 బస్ నంబర్. ఆ బస్ నంబర్ కూడా ఒక టోకెనే! రెండు కంట్రోలర్లు ఉన్న మెషీన్‌లో ఏది ముందు లేస్తే దానికి 1. అందుకే బై-పాత్‌లో బస్ నంబర్ వాడరు, పీసీఐ అడ్రస్ వాడతారు.

ఎల్ఎస్‌యూఎస్‌బీలో "డివైస్ 014" అని వచ్చే నంబర్ జోలికి అసలు పోవద్దు. 1 నుంచి 127 వరకు ఉండే అడ్రస్ అది, పీకి పెట్టిన ప్రతిసారీ మారుతుంది. దాని మీద స్క్రిప్టు రాసినవాళ్లని చూశాను, అందుకే చెబుతున్నా.

దీపస్తంభం | మంగళవారం రాత్రి 10:05

బై-పాత్‌లో రెండూ కనిపించాయి, ప్రాణం లేచొచ్చింది. ఒకటి 1.2, ఇంకొకటి 1.3. ఆ పొడుగాటి పేరు స్క్రిప్టులో బాగోదని చిన్న పేర్లు పెట్టుకుందామని యూడెవ్ రూలు (ఈ గుర్తులున్న పరికరం వస్తే ఈ పేరు పెట్టు అని చెప్పే లైన్) రాశా. పనిచేయలేదు.

రాసిందేమిటంటే: సబ్‌సిస్టమ్ టీటీవై (సీరియల్ పోర్టుల వర్గం) అయి ఉండాలి, కెర్నల్స్ "1-1.2:1.0" అయి ఉండాలి, ఏటీటీఆర్ఎస్ ఐడీవెండార్ (తయారీదారు నంబర్) "1ఏ86" అయి ఉండాలి, అప్పుడు సింలింక్ "హీటర్". యూడెవ్‌ఏడీఎం ఇన్ఫోకి (పరికరం గుర్తులన్నీ చూపించే కమాండ్) మైనస్ ఏ పెట్టి చూస్తే ఈ మూడు విలువలూ కళ్ల ముందు కనిపిస్తున్నాయి. అక్షరం తేడా లేదు. అయినా సింలింక్ రాదు. రెండు గంటలు కూర్చున్నా, తలప్రాణం తోకకొచ్చింది.

రెండోమెదడు | మంగళవారం రాత్రి 10:48

ఇందులో పడని వాళ్లు లేరు, ఊరుకోండి. యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో ఇచ్చిన దాన్ని మళ్లీ నెమ్మదిగా చూడండి. అది ఒక పరికరం జాబితా కాదు, ఒక వంశవృక్షం. పైన మీ టీటీవై. దాని కింద "పేరెంట్ డివైస్" అంటూ పేరాలు వస్తాయి, వాటిలో ఒకదానిలో కెర్నల్స్ 1-1.2:1.0, అది యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. దాని కింద ఇంకో పేరెంట్, కెర్నల్స్ 1-1.2, అది యూఎస్‌బీ పరికరం. ఐడీవెండార్ ఉన్నది ఈ పరికరం పేరాలో.

రూలు ఏమిటంటే, కెర్నల్స్, సబ్‌సిస్టమ్స్, డ్రైవర్స్, ఏటీటీఆర్ఎస్ ఈ నాలుగూ (చివర ఎస్ ఉన్నవి) ఒక లైన్‌లో ఎన్ని రాసినా అన్నీ ఒకే పేరెంట్‌లో కుదరాలి. మీరు ఒక ముక్క కొడుకు దగ్గర, ఇంకో ముక్క తండ్రి దగ్గర తీసుకున్నారు. రెండూ ఉన్న పేరెంట్ ఎవరూ లేరు, కాబట్టి రూలు కుదరలేదు. ఎర్రర్ కూడా రాదు, మౌనంగా దాటిపోతుంది.

మీరు "1-1.2:1.0" నుంచి ఆ చివరి ":1.0" తీసేయండి. అప్పుడు కెర్నల్స్, ఐడీవెండార్ రెండూ ఒకే పేరాలోవి అవుతాయి. అయిపోతుంది.

ఇంకా మంచి దారి కావాలంటే ఏటీటీఆర్ఎస్ వదిలేసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వాడండి: ఐడీ_పాత్, ఐడీ_వెండార్_ఐడీ, ఐడీ_సీరియల్_షార్ట్, ఐడీ_యూఎస్‌బీ_ఇంటర్‌ఫేస్_నమ్. వీటికి పేరెంట్ గొడవ లేదు, ఎన్నైనా కలపొచ్చు. నాలుగు టీటీవైలు ఒక్కసారే పుట్టించే 4జీ మోడెమ్‌లకి ఇదే సుఖం, ఎందుకంటే అక్కడ సీరియల్ నంబర్ ఒక పేరెంట్‌లో, ఇంటర్‌ఫేస్ నంబర్ ఇంకో పేరెంట్‌లో ఉంటాయి. ఒక షరతు: ఈ వేరియబుల్స్‌ని నింపేది 60-సీరియల్ అనే రూల్స్ ఫైల్. ఫైళ్లు పేరులోని నంబర్ క్రమంలో నడుస్తాయి, కాబట్టి మీ ఫైల్ పేరు 50తో మొదలైతే అప్పటికి అవి ఖాళీ. 99 పెట్టండి, గొడవుండదు.

ఒకే ఈక్వల్ గుర్తుకి, రెండు ఈక్వల్ గుర్తులకి తేడా కూడా చూసుకోండి. రెండు ఉంటే పోలిక, ఒకటి ఉంటే విలువ పెట్టేయడం. సింలింక్‌కి ప్లస్ ఈక్వల్ వాడండి, లేకపోతే బై-ఐడీ, బై-పాత్ లింకులు ఎగిరిపోతాయి. పాత ట్యుటోరియల్స్‌లో నేమ్ అని పెట్టి పేరే మార్చేయమంటారు. ఇప్పుడు అది నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లకే చెల్లుతుంది, మిగతా వాటికి కుదరదు.

రాశాక యూడెవ్‌ఏడీఎం కంట్రోల్ రీలోడ్, ఆ తర్వాత యూడెవ్‌ఏడీఎం ట్రిగ్గర్. అంతకంటే ముందు యూడెవ్‌ఏడీఎం టెస్ట్ నడిపితే ఏ ఫైల్‌లో ఏ లైన్ కుదిరిందో చూపిస్తుంది. మీ రెండు గంటలు రెండు నిమిషాలయ్యేవి.

రూలు మొత్తం రాసి పెట్టొచ్చు కానీ పెట్టను. కాపీ కొట్టి అతికించిన రూలు మళ్లీ ఇంకో రోజు ఇక్కడికే తీసుకొస్తుంది.

దీపస్తంభం | మంగళవారం రాత్రి 11:02

":1.0" తీసేశా. /డెవ్/హీటర్ వచ్చింది. మీకో దండం.

నీలితెర | బుధవారం ఉదయం 10:20

లినక్స్ వాళ్లు ఇన్ని పాట్లు పడుతుంటే విండోస్‌లో సుఖంగా ఉన్నామనుకోకండి. మా బాధ ఇంకో రకం. అక్కడ ఒకసారి ఇచ్చిన కామ్ నంబర్ (సీరియల్ పోర్టుకి విండోస్ పెట్టే పేరు) గుర్తుపెట్టుకుంటుంది, అది బాగుంది. కానీ ఎలా గుర్తుపెట్టుకుంటుందన్నది మళ్లీ సీరియల్ నంబర్ మీదే ఆధారం. సీరియల్ నంబర్ ఉంటే ఏ పోర్టులో పెట్టినా అదే పరికరం అనుకుని అదే కామ్ నంబర్ ఇస్తుంది. లేకపోతే ఏ పోర్టులో పెట్టారో దాన్నే గుర్తుగా తీసుకుంటుంది. కన్వర్టర్‌ని పక్క పోర్టులో పెట్టారా, కొత్త పరికరం వచ్చిందనుకుని కొత్త నంబర్. అలా మా టెస్ట్ బెంచ్ మీద కామ్47 దాకా వెళ్లింది. తగిలించి ఉన్నవి మూడే!

ఇచ్చిన నంబర్లన్నీ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) కామ్ నేమ్ ఆర్బిటర్ కింద పడి ఉంటాయి, పీకినా పోవు. డివైస్ మేనేజర్‌లో హిడెన్ డివైసెస్ చూపించమంటే బూడిద రంగులో దెయ్యాల్లా కనిపిస్తాయి. అక్కడ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే నంబర్ ఖాళీ అవుతుంది. ఇంకో ముల్లు: కామ్9 దాటితే మామూలు పేరుతో తెరుచుకోదు. ముందు బ్యాక్‌స్లాష్ రెండు, చుక్క, ఇంకో బ్యాక్‌స్లాష్ పెట్టాలి. కామ్9 వరకు నడిచిన ప్రోగ్రామ్ కామ్10కి చచ్చిపోతే కారణం ఇదే.

దీనికి ఎదురు కోరిక కూడా ఉంటుంది. ఫ్యాక్టరీ లైన్‌లో రోజుకి వందల బోర్డులు ఒకే సాకెట్లో పెట్టి టెస్ట్ చేస్తారు. ప్రతిదానికీ సీరియల్ నంబర్ ఉంది కాబట్టి ప్రతిదానికీ కొత్త కామ్ నంబర్. అక్కడ వస్తువు కాదు, చోటే ముఖ్యం. దానికి రిజిస్ట్రీలో యూఎస్‌బీఫ్లాగ్స్ కింద ఇగ్నోర్‌హెచ్‌డబ్ల్యూసెర్‌నమ్ అని, వెనకే తయారీదారు, మోడల్ నంబర్లు కలిపి పెడితే, ఆ మోడల్ సీరియల్ నంబర్లని పట్టించుకోవడం మానేస్తుంది. పాత_మోడెమ్ గారు అడిగిన "వస్తువా, చోటా" అన్న ప్రశ్నకి ఇక్కడ స్విచ్చే ఉందన్నమాట.

కాకిగూడు | బుధవారం ఉదయం 11:44

మ్యాక్ వాడేవాళ్ల కోసం ఒక ముక్క. అక్కడ పేరులోనే గుర్తు వచ్చేస్తుంది: /డెవ్/సీయూ.యూఎస్‌బీసీరియల్- తర్వాత సీరియల్ నంబర్ ఉంటే అది, లేకపోతే పోర్టు లొకేషన్ నుంచి తీసిన అంకెలు, 1410 లాంటివి. అంటే సీహెచ్340ని పక్క పోర్టులో పెడితే అక్కడా పేరు మారుతుంది. టీటీవై అని, సీయూ అని రెండు కనిపిస్తాయి. సీయూ వాడండి. టీటీవై తెరిస్తే అవతలి నుంచి క్యారియర్ సిగ్నల్ (లైన్ కలిసిందని మోడెమ్ చెప్పే గుర్తు) కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

కొత్తపలక | బుధవారం సాయంత్రం 6:30

నాకో డౌటు. నా దగ్గరా ఒక సీహెచ్340 బోర్డు ఉంది. ఉబుంటు 22.04లో తగిలిస్తే టీటీవైయూఎస్‌బీ0 వస్తుంది, రెండు సెకన్లలో మాయమవుతుంది. పేరు తర్వాత సంగతి, అసలు మనిషే లేడు!

రెండోమెదడు | బుధవారం సాయంత్రం 6:41

డీమెసేజ్‌లో బీఆర్ఎల్‌టీటీవై అనే మాట ఉందేమో చూడండి. అది చూపులేని వాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉన్న సర్వీస్. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ ఇదే 1ఏ86:7523 చిప్ ఉంటుంది, అందుకని మీ బోర్డుని చూసి బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని లాగేసుకుంటుంది. మీకు ఆ సర్వీస్ అవసరం లేకపోతే తీసేయండి. అవసరం ఉంటే దాని రూల్స్ ఫైల్‌లో ఆ ఒక్క లైన్ ఆపితే చాలు.

వీలుంటే మోడెమ్‌మేనేజర్‌నీ ఒక కంట కనిపెట్టండి. కొత్త టీటీవైఏసీఎం పోర్టు (ఇంకో రకం యూఎస్‌బీ సీరియల్ పోర్టు) కనిపిస్తే ఇది మోడెమేమో అని ఏటీ కమాండ్లు (మోడెమ్‌లకి ఇచ్చే ఆదేశాలు) పంపి చూసే అలవాటు ఉంది దానికి. మీ రూలులో ఐడీ_ఎంఎం_డివైస్_ఇగ్నోర్ 1 అని పెడితే దగ్గరికి రాదు.

కొత్తపలక | బుధవారం సాయంత్రం 7:02

బీఆర్ఎల్‌టీటీవైనే! తీసేశా, నిలబడింది. ఇన్నాళ్లూ కేబుల్ పాడైందనుకుని మూడు కేబుళ్లు మార్చా.

దీపస్తంభం | శుక్రవారం రాత్రి 9:15

మళ్లీ నేనే. రెండు రోజులు బాగా నడిచింది. ఇవాళ సాయంత్రం నుంచి టెంపరేచర్ రీడింగులు ఖాళీగా వస్తున్నాయి. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. చూస్తే /డెవ్/థర్మో ఇప్పుడు టీటీవైయూఎస్‌బీ2 వైపు చూపిస్తోంది. ఉన్నవి రెండే కదా, 2 ఎక్కడిది? డీమెసేజ్‌లో "డిజేబుల్డ్ బై హబ్ (ఈఎంఐ?), రీ-ఎనేబ్లింగ్" అని ఒక లైన్, దాని కింద యూఎస్‌బీ డిస్‌కనెక్ట్.

చీమకుట్టు | శుక్రవారం రాత్రి 9:40

ఆ బ్రాకెట్లో ప్రశ్నార్థకం చూశారా, కెర్నల్ రాసినవాళ్లకే అనుమానం! ఈఎంఐ అంటే విద్యుదయస్కాంత అలజడి. మీ రిలే ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైక్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్) కేబుల్‌లోకి ఎక్కి, హబ్ ఆ పోర్టుని ఒక్క క్షణం ఆపేసింది. చేత్తో పీకి పెట్టినట్టే లెక్క. రిలే దగ్గర స్నబ్బర్ (ఆ స్పైక్‌ని మింగేసే చిన్న సర్క్యూట్) పెట్టండి, యూఎస్‌బీ కేబుల్‌ని హీటర్ వైరుకి దూరంగా లాగండి, ఫెర్రైట్ పూస (అలజడిని తగ్గించేది) ఉన్న పొట్టి కేబుల్ వాడండి. పేర్లు ఎంత బాగా పెట్టినా ఇది ఆగదు.

రెండోమెదడు | శుక్రవారం రాత్రి 9:58

2 ఎందుకొచ్చిందంటే, పరికరం పోయినా మీ స్క్రిప్టు పాత పోర్టుని మూయకుండా పట్టుకుని కూర్చుంది. పట్టుకున్నంతసేపూ కెర్నల్ ఆ నంబర్‌ని వదలదు. తిరిగొచ్చిన పరికరానికి ఖాళీగా ఉన్న తర్వాతి టోకెన్ ఇచ్చింది. సింలింక్ తన పని తాను చేసింది, కొత్త చోటు వైపు తిరిగింది. మీ స్క్రిప్టు మాత్రం చచ్చిన పోర్టునే చదువుతోంది. పేరు సరిగ్గా ఉంటే చాలదు, లైన్ తెగినప్పుడు ముందు మూసి, ఆ పేరుతో మళ్లీ తెరవాలి.

స్క్రిప్టులో ఆ తలనొప్పి వద్దనుకుంటే సిస్టమ్‌డీ సర్వీస్‌గా చేసి, బైండ్స్‌టూ అని ఆ పరికరం పేరు రాయండి. పరికరం పోగానే సర్వీస్ ఆగిపోతుంది. రూలులో సిస్టమ్‌డీ_వాంట్స్ పెడితే తిరిగి రాగానే లేస్తుంది. సింలింక్ పేరులో మాత్రం హైఫన్ పెట్టకండి, యూనిట్ పేరు రాసేటప్పుడు అది "\ఎక్స్2డీ" అయిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. రూలులో రన్ అని పెట్టి స్క్రిప్టుని నేరుగా నడిపే ఆలోచన కూడా వద్దు. అది ఒక్క క్షణంలో అయ్యే పనులకే. ఎక్కువసేపు నడిచేదాన్ని యూడెవ్ చంపేస్తుంది.

డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే వేరే డబ్బాలో పెట్టి నడిపేది) నడిపేవాళ్లు కూడా గమనించాలి. డివైస్ ఆప్షన్‌కి సింలింక్ ఇచ్చినా కంటైనర్ మొదలైన క్షణంలో అది ఎటు చూపిస్తుందో ఆ నోడ్‌నే లోపలికి ఇస్తుంది. తర్వాత బయట సింలింక్ తిరిగితే లోపలికి తెలియదు.

నీలితెర | శనివారం ఉదయం 9:05

ఈ గొడవ అంతా సీరియల్ పోర్టులదే కదా, బయటి హార్డ్ డిస్కులకి ఏం చేస్తారు మీరు? విండోస్‌లో డ్రైవ్ లెటర్ ఒకసారి చేత్తో పెడితే గుర్తుంటుంది, దాన్ని ఇంకొకటి ఆక్రమించకపోతే. అందుకే మావాళ్లు ఆర్, ఎస్ లాంటి చివరి అక్షరాలు పెట్టుకుంటారు.

పాత_మోడెమ్ | శనివారం ఉదయం 9:33

డిస్కుల సంగతి నయం, ఎందుకంటే వాటి లోపల రాసుకునే చోటు ఉంది. ఫైల్ సిస్టమ్ చేసినప్పుడే ఒక యూయూఐడీ (దేనికదే వేరుగా ఉండే గుర్తింపు నంబర్) రాసేస్తుంది, ఏ పోర్టులో పెట్టినా, ఏ డబ్బాలో పెట్టినా అదే. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఏ ఫోల్డర్‌లో కనిపించాలో రాసే ఫైల్) దాన్నే రాయాలి. పక్కన నోఫెయిల్ (డిస్కు లేకపోయినా ఆగకు అని) తప్పనిసరి. లేకపోతే డిస్కు తగిలించని రోజున బూట్ దగ్గర 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. ఇది నాకు జరిగింది, అదీ మానిటర్ లేని మెషీన్‌కి.

డీడీ కమాండ్‌తో డిస్కు క్లోన్ చేశారా, యూయూఐడీ కూడా క్లోన్ అవుతుంది. రెండూ ఒకేసారి తగిలిస్తే మళ్లీ కవలల కథే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనని మొండికేస్తుంది, అది మంచిదే. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో అయితే రెండింటినీ ఒకటే అనుకుని డేటా పాడయ్యే ప్రమాదం ఉంది, అసలు ఒకేసారి తగిలించకండి. ఎఫ్ఏటీ పెన్‌డ్రైవ్‌లకి యూయూఐడీ అని కనిపించేది 32 బిట్ల వాల్యూమ్ నంబర్ మాత్రమే.

చీమకుట్టు | శనివారం ఉదయం 10:12

దీపస్తంభం గారికి ఒక ప్రశ్న. ఇప్పుడు 1.2 సాకెట్ హీటర్, 1.3 సాకెట్ థర్మో. మళ్లీ వైర్లు సర్దేటప్పుడు రెండు కేబుళ్లూ ఒకదాని చోట ఒకటి పెట్టారనుకోండి. అప్పుడు?

దీపస్తంభం | శనివారం ఉదయం 10:20

...మళ్లీ అదే వాసన.

చీమకుట్టు | శనివారం ఉదయం 10:41

అదీ సంగతి. ఇదివరకు పేర్లు మారేవి కాబట్టి అనుమానం అయినా వచ్చేది. ఇప్పుడు /డెవ్/హీటర్ అనే పేరు ధైర్యంగా అబద్ధం చెబుతుంది. సాకెట్ల మీద పెయింట్ చుక్కలు పెట్టుకోవచ్చు, నేనైతే అదీ పెడతా. కానీ హీటర్ లాంటిదాన్ని నడుపుతున్నప్పుడు పేరుని నమ్మి కమాండ్ పంపకూడదు, ముందు అడగాలి. ల్యాబ్ పరికరాలు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. స్టార్ గుర్తు, ఐడీఎన్, ప్రశ్నార్థకం పంపితే "నేను ఫలానా కంపెనీ, ఫలానా మోడల్, ఫలానా నంబర్" అని జవాబిస్తాయి.

మీ బోర్డుల ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్) మీరు రాసిందేనా? అయితే చెరో నాలుగు లైన్లు. ప్రశ్నార్థకం వస్తే ఒకటి "హీటర్" అని, ఇంకొకటి "థర్మో" అని చెప్పాలి. కన్వర్టర్ గుర్తు లేనిదైనా, దాని వెనక ఉన్న మైక్రోకంట్రోలర్‌కి నోరుంది కదా. ఇంకో పని: పది సెకన్లు ఏ కమాండూ రాకపోతే రిలే దానంతటదే ఆఫ్ అయ్యేలా పెట్టండి. అది ఉంటే ఈ చర్చలో మొదటి పోస్టే ఉండేది కాదు.

రెండోమెదడు | శనివారం ఉదయం 11:03

ఒప్పుకుంటా. రూలు ఎక్కడ వెతకాలో చెప్పడానికి, ప్రశ్న అక్కడున్నది ఎవరో తేల్చుకోవడానికి. రూలు మాత్రం తీసేయకండి. అది లేకపోతే ప్రతి టీటీవైనీ తెరిచి అడుగుతూ పోవాలి, కొన్ని బోర్డులు పోర్టు తెరవగానే డీటీఆర్ అనే సిగ్నల్ లైన్ వల్ల రీసెట్ అవుతాయి. సంబంధం లేని ప్రింటర్ మధ్యలో ఆగిపోతుంది.

కొత్తపలక | శనివారం ఉదయం 11:09

ఓహో, ప్రింట్ మధ్యలో ఒకసారి ఆగిపోయింది అందుకేనా! నేను కొత్త బోర్డు ఎక్కడుందా అని పోర్టులన్నీ ఒక లూప్‌లో తెరిచి చూశా ఆ రోజు.

దీపస్తంభం | ఆదివారం రాత్రి 8:50

అన్నీ చేశా. రెండు బోర్డుల ఫర్మ్‌వేర్ మార్చా, స్నబ్బర్ పెట్టా, సాకెట్ల పక్కన ఎర్ర చుక్క, నీలం చుక్క. స్క్రిప్టు తెరిచిన వెంటనే రెండు సెకన్లు ఆగి (రీసెట్ అయి లేవడానికి) ఎవరని అడుగుతుంది. జవాబు కుదరకపోతే పోర్టు మూసేసి ఆగిపోతుంది, పాత రీడింగ్ వాడే తెలివితేటలు తీసేశా.

ఆ తర్వాత హీటర్ ఆన్‌లో ఉండగా కావాలనే రెండు కేబుళ్లూ పీకి తారుమారుగా పెట్టా. పది సెకన్లకి రిలే టక్కుమని ఆఫ్ అయింది. లాగ్‌లో చివరి లైన్: "/డెవ్/హీటర్‌ని అడిగితే థర్మో అంటోంది, ఏ కమాండూ పంపను".

పాత_మోడెమ్ | ఆదివారం రాత్రి 9:14

ఇప్పుడు కేబుళ్లు మళ్లీ సరిగ్గా పెట్టారా?

దీపస్తంభం | ఆదివారం రాత్రి 9:16

పెడుతున్నా, పెడుతున్నా.